కళ్లకలక వచ్చిన కాకటూ

ఆదివారం పొద్దున్నే పక్షుల దుకాణానికి వెళ్లి, వంట వేళకల్లా పక్షితో ఇల్లు చేరాలన్నది కోడలి పథకం. అత్తగారు పోయినప్పటి నుంచి మామగారి నోట మాట లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్టాండులో మైకు పట్టుకుని ఏ బస్సు ఎటు పోతుందో ఊరందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు అన్నానికి పిలిచినా తలాడించడమే. అంతవరకైతే ఓర్చుకునేదే. తాతను చూసి చిన్నారి మనవరాలు బుజ్జి కూడా మొదలుపెట్టింది. ఆకలేస్తోందా అంటే నిలువుగా, నిద్రొస్తోందా అంటే అడ్డంగా. ఈడు పిల్లలంతా గలగలా మాట్లాడుతుంటే ఇది ఒక్క మాటా అనదు. పిల్ల నోరు ఇలాగే మూతపడిపోతుందేమోనని తల్లి గుండెల్లో రాయి పడింది. ఇంట్లో ఒక్క నోరైనా వాగుతూ ఉండాలి. అందుకే కాకటూ, చిలకలా మాటలు నేర్చే తెల్ల పక్షి.

"మగదా, ఆడదా?" అన్నాడు దుకాణదారు. చీకటి మూలనున్న పంజరంలో తెల్లటి పక్షులు రెండు రెక్కలు విదిలించాయి. "మగది వాగుడుకాయ, కాస్త పొగరు. ఆడది నెమ్మది, నోరు విప్పదు. కళ్లని బట్టి తెలుస్తుంది. మగదానికి నల్లగా ఉంటాయి. ఆడదానికేమో..."

"కళ్ల సంగతి నాకా చెబుతావ్?" అని అడ్డుకున్నాడు మొగుడు. ఆయన కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. వంగి, తలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదే మగది. ఎంత నల్లటి కళ్లో!" అని తేల్చేశాడు.

"మీరు తేల్చేశాక నేనెవర్ని?" అన్నాడు దుకాణదారు.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర పంజరం పెట్టేసరికి, ఆ నల్లటి కళ్లు ఎర్రగా కనిపించాయి. "కళ్లకలక!" అని అరిచాడు మొగుడు. "పిల్లని అవతలికి తీసుకుపో!" క్షణంలో పంజరం హాల్లోంచి స్నానాలగది పక్క వసారాలోకి మారిపోయింది. రోజూ చుక్కల మందు. పక్షి ఆయన వేలు కొరికింది. అదే వేలితో కళ్లు నులుముకున్నాడు. ఆయన కళ్లూ ఎర్రబడ్డాయి. "చెప్పానా, అంటుకుంటుందని!" అంటూ షాపు నుంచి ఇంటిల్లిపాదికీ నల్ల కళ్లజోళ్లు తెచ్చిపెట్టాడు. బుజ్జికి చెవుల మీద నిలవకపోతే తాడు కట్టాడు. మామగారు మారు మాట్లాడకుండా పెట్టుకున్నారు.

వాకిట్లో నల్ల జోళ్లతో వరసగా కూర్చున్న కుటుంబాన్ని చూసి పక్కింటి పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో తల్లీ, మళ్లీ ఎవరమ్మా? ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయా?"

"ఎవరూ పోలేదు పిన్నిగారూ. పక్షికి కళ్లకలక."

"పక్షి కోసం ఇంతలా ఏడుస్తున్నారా!"

వారాలు గడిచినా ఎరుపు తగ్గలేదు, పక్షి పలకలేదు. చివరికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పకపకా నవ్వాడు. "జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఇది ఆడపక్షయ్యా. వీటి కళ్లు ఇలాగే ఉంటాయి."

"నోరు విప్పనిది మనకెందుకు? రేపే ఇచ్చేసి మగదాన్ని తెస్తా," అన్నాడు మొగుడు. కోడలు కాదనలేదు. ఆమెకు కావలసింది మాట.

మర్నాడు పొద్దున పంజరం హాల్లోకొచ్చింది. మామగారు అలవాటైపోయిన నల్ల జోడుతోనే కుర్చీలో ఉన్నారు. కోడలు ఆయనకు టీ అందిస్తోంది. అప్పుడు పక్షి గొంతు సవరించుకుంది.

మొదట కుళాయి తిప్పిన చప్పుడు. తర్వాత ఎక్కిళ్లు. ఆ తర్వాత, అచ్చం కోడలి గొంతుతో, "అత్తయ్యా... నావల్ల కావట్లేదు అత్తయ్యా..."

ఆమె కప్పు బల్ల మీద పెట్టేసి పంజరం వైపు తిరిగింది. ఎవరికీ వినపడకూడదని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని రోజూ ఏడ్చిన ఏడుపది. వసారాలో పక్షి ఉందన్న సంగతే మర్చిపోయింది.

మామగారు జోడు తీశారు. ఆయన కళ్లు మాత్రం నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయ్," అన్నారు. వాడక తుప్పు పట్టిన గొంతు. "నువ్వు కుళాయి దగ్గరా? నేనేమో ఏడుపొస్తే మేడ మీదికి పోతున్నాను. మీ అత్తయ్య ఉంటే ఇద్దర్నీ తిట్టేది."

"ఏమని మామయ్యా?"

"నన్ను మోకాళ్ల నొప్పులతో మెట్లెందుకెక్కావని. నిన్నేమో నీళ్లు దండగని."

కోడలు నేల మీద కూలబడి, కుళాయి లేకుండానే ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, తనూ ఏడ్చారు.

"మరి... దుకాణానికి?" అన్నాడు మొగుడు, పంజరం పట్టుకుని.

"వెళ్లాల్సింది నీ షాపుకి. ఆ జోళ్లు తీసుకెళ్లి ఇచ్చేసి రా. పక్షి ఇక్కడే ఉంటుంది!" బస్టాండంతా వినిపించే గొంతది. పక్షి జుట్టు నిక్కబొడుచుకుంది.

బుజ్జికి కూడా ఆ వారంలోనే మాట వచ్చింది. కాకపోతే నేర్చుకున్నది పక్షి దగ్గర కాబట్టి, కన్నతల్లిని "అత్తయ్యా" అని పిలుస్తోంది.