పుచ్చుకొనే దేశపు లక్ష్మణమ్మ

సేవ అన్నది ఓడెక్కి వెళ్లి చేయవలసిన పని. ఇందులో అభిప్రాయభేదాలకు తావు లేదు. పక్కవీధి పిల్లవాడి ముక్కు తుడిస్తే దాన్ని చాకిరీ అంటారు. సముద్రం దాటి వెళ్లి తుడిస్తే సేవ అంటారు. దానికి ముందు ప్రార్థన, వెనక ఫోటో ఉంటాయి.

1968లో ఆమదాలవలసలోని ఒక చిన్న చర్చికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి సంఘమూ తన తరఫున ఒక స్వచ్ఛంద సేవకుణ్ణి ఆఫ్రికాలోని బాలల గృహానికి పంపవలెను. స్వచ్ఛందంగా పంపని సంఘాలపై తగు చర్య తీసుకొనబడును. సంఘ కమిటీ వెంటనే సమావేశమై, సభ్యులందరికీ సేవ చేయాలన్న తపన ఉన్నదనీ, కాని ఆఫ్రికాలో సింహాలు కూడా ఉన్నవనీ గుర్తించింది. చివరకు ఆ పూట సమావేశానికి రాని మనిషిని ఏకగ్రీవంగా ఎన్నుకొన్నారు.

ఆ మనిషి లక్ష్మణమ్మ. చర్చివారి ఆడపిల్లల హాస్టలుకు మేట్రను. మొగుడు పోయి చాలాకాలమైంది, కడుపున పిల్లలు లేరు, పెంచిన పిల్లలకు లెక్క లేదు. దొరసానుల దగ్గర పెరిగింది గనుక ఇంగ్లీషు ధారాళంగా వచ్చు (ఆ ఇంగ్లీషుకు కూడా శ్రీకాకుళం యాస ఉండేది). కబురు చెప్పడానికి పాదిరి జోగయ్యగారు స్వయంగా వచ్చారు.

"నానెల్లిపోతే ఈ పిల్లల్ని ఎవులు సూస్తారండీ?" అంది లక్ష్మణమ్మ, ఒక పిల్ల తలలో పేలు తీస్తూ.

"దేవుడు సూస్తాడమ్మా."

"మరి ఆ ఆఫ్రికా పిల్లల్ని సూడ్డానికి ఆయనకేటొచ్చిందండీ?"

ఇది వేదాంతానికి సంబంధించిన ప్రశ్న గనుక కమిటీకి నివేదిస్తానని చెప్పి పాదిరిగారు లేచారు. (హాస్టలు పిల్లల విషయంలో దేవుడు బుల్లమ్మ అనే వంటమనిషిని నియమించినట్టు తరువాత తెలిసింది. ఆవిడ బాగానే చూసుకొంది.)

లక్ష్మణమ్మ రెండు పొందూరు చీరలు సంచిలో పెట్టుకొని ఆమదాలవలసలో రైలెక్కింది, బొంబాయిలో ఓడెక్కింది, మొంబాసాలో దిగింది. అక్కణ్ణించి బస్సులో ఒక రోజు ప్రయాణం చేసి, కొండవాలు మీద ఉన్న గృహం చేరింది. పర్యవేక్షకుడు ఒమోండీగారు ఎదురొచ్చి సంచీ అందుకొన్నారు. మర్యాదస్తుడు, రూల్సు తప్పని మనిషి. రూల్సన్నీ ఆయనకు విదేశాల్లోని కౌన్సిలు నుంచి అచ్చయి వచ్చేవి.

ఆ రూల్సు ప్రకారం ప్రపంచంలో దేశాలు రెండు రకాలు: పంపే దేశాలు, పుచ్చుకొనే దేశాలు. ఒమోండీగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి, నొచ్చుకొంటూ అన్నారు:

"అమ్మా, తమది పుచ్చుకొనే దేశం. తమరు సేవ చేయడానికి వీల్లేదు. చేయించుకోవచ్చు."

"నాను సెయ్యడానికొచ్చేనండీ."

"అలా వచ్చినవారికి పుస్తకంలో చోటు లేదమ్మా."

ఆ విధంగా లక్ష్మణమ్మ లబ్ధిదారు అయింది. పడక పిల్లల కొట్టంలో, భోజనం పిల్లల వరుసలో. ఎవరూ ఆమెను అవమానించలేదు (అందుకు పైఅధికారుల అనుమతి కావాలి). మరునాడు పొద్దున్నే, పంపే దేశం నుంచి సేవకు దిగిన కేరెన్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చి, చేతులు ఎలా కడుక్కోవాలో ఆమెకు నేర్పింది. వందలమంది పిల్లల చేతులు కడిగిన లక్ష్మణమ్మ బుద్ధిగా గోళ్లసందులు కూడా తోముకొని చూపించింది.

గృహంలో పిల్లలకంటే సేవకులు ఎక్కువ. పంపే దేశాల నుంచి పక్షానికో కొత్త జట్టు దిగేది. ఉదయం ఆలింగనాల వేళ, తరువాత చేతులు కడిగించే వేళ, తరువాత ఏబీసీడీలు, ఆపైన అభినయంతో పాటలు, మధ్యాహ్నం ఫోటోలు. నిద్రకు వేళ లేదు, ఎందుకంటే నిద్రపోయే పిల్లకు సేవ చేయడం కష్టం. పక్షం చివర వీడ్కోలు ఏడుపు ఉండేది. పిల్లలు బిగ్గరగా ఏడవాలి, జట్టువారు ఇంకా బిగ్గరగా ఏడుస్తూ బస్సెక్కాలి. మరునాడు ఇంకో జట్టు.

నీమా అనే ఆరేళ్ల పిల్ల మొదట్లో ప్రతి జట్టుకూ నిజంగానే ఏడ్చిందట. బస్సు వెనక పరుగెత్తిందట కూడా. తరువాత మానేసింది. ఇప్పుడు ఎవరు కౌగిలించుకొన్నా గుంజలా నిలబడేది, ఒక చేత్తో తమ్ముడు జుమా వేలు పట్టుకొని. 'నాకు కేటాయించిన పిల్ల నన్ను ప్రేమించడం లేదు' అని ముగ్గురు సేవకులు ఫిర్యాదు చేశారు. సహకరించని పిల్లలను కొండల అవతలి గృహానికి మార్చాలని రూలు. తమ్ముడు సహకరిస్తున్నాడు గనుక వాడు ఇక్కడే ఉంటాడు.

"అక్కాతమ్ముల్ని ఇడదీస్తారా? మీకేటైనా మతి ఉందా, బాబూ?" అంది లక్ష్మణమ్మ.

ఒమోండీగారు కళ్లజోడు తీసి తుడుచుకొన్నారు. "నాకూ ఇష్టం లేదమ్మా. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మాత్రం నా చేతుల్లో ఉండదు."

ఆ ఒక్క ఫిర్యాదు మరునాడే బయలుదేరింది. కేరెన్ నీమాను కౌగిలించుకొంది. నీమా గోడవైపు చూసింది. కేరెన్ ఏడ్చుకొంటూ ఆఫీసుగది వైపు నడిచింది. లక్ష్మణమ్మ దారికి అడ్డం వెళ్లి, గాభరాలో తెలుగులోనే అనేసింది:

"ఒసే పిల్లా, ఎందుకే అలా ఏడుత్తన్నావు? ఎవులో ఒకల్ని పట్టుకోవాల, అంతే గదా! రా, నన్ను పట్టుకో."

భాష అర్థం కాకపోయినా చాచిన చేతులు అర్థమయ్యాయి. కేరెన్ ఆ పొందూరు చీరలో ముఖం దాచుకొని చాలాసేపు ఉంది. (ఇల్లు విడిచి వచ్చాక ఆమెను ఎవరైనా దగ్గరకు తీసుకోవడం అదే మొదలని తరువాత చెప్పింది.) అది చూసి ఇంకో ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు. సాయంత్రానికి క్యూ ఏర్పడింది.

ఒమోండీగారు రూల్సు తిరగేశారు. ఆలింగనం పొందువారు పుచ్చుకొనేవారై ఉండవలెను అని ఉంది గాని, వయస్సు సంగతి లేదు. ఆయన మొదటిసారి నవ్వారు.

ఆనాటినుంచి పిల్లల వేళలన్నీ లక్ష్మణమ్మే పుచ్చుకొంది. పొద్దున్న ఆలింగనాలు. తరువాత చేతులు కడుక్కోవడం, అది ఎన్నిసార్లు నేర్పినా ఆమె మరిచిపోయేది. తరువాత ఏబీసీడీలు, అవీ అంతే. నరసన్నపేట సంతలో బేరాలాడిన గొంతుతో అభినయ గీతాలు పాడింది. వీడ్కోలు రోజున తన చిన్నప్పుడు చచ్చిపోయిన గేదెను తలుచుకొని ఏడ్చింది. ఇంతటి కృతజ్ఞత ఎక్కడా చూడలేదని జట్లన్నీ మెచ్చుకొన్నాయి.

ఆ వేళల్లో పిల్లలు చెట్లెక్కారు, పడ్డారు, కొట్టుకొన్నారు, మధ్యాహ్నం నిద్రపోయారు. నీమాను ఎవరికీ కేటాయించలేదు గనుక ఫిర్యాదూ రాలేదు.

ఒకరోజు పాటల వేళ ముగిశాక లక్ష్మణమ్మ అరుగు మీద చతికిలబడి, "వామ్మో, నా నడుం," అంది. నీమా దూరంగా నిలబడి కాసేపు చూసింది. తరువాత లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టింది. ముట్టుకోలేదు. మరునాడు నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. నాలుగోనాడో అయిదోనాడో ఆ ఒడిలో తల పెట్టి నిద్రపోయింది. లక్ష్మణమ్మ ఆ పూట ఫోటోల వేళకు వెళ్లలేదు. ఎవరు పిలిచినా నోటిమీద వేలు పెట్టి, కళ్లెర్రజేసింది.

సంఘం పెట్టిన గడువు దాటాక, సేవ పూర్తిచేసుకొని తిరిగి రావలసిందని జోగయ్యగారు ఉత్తరం రాశారు. ఒమోండీగారు దాన్ని గౌరవంగా చదివి, సేవకులకైతే తిరుగు ప్రయాణం ఉంది గాని లబ్ధిదారులకు లేదని జవాబు పంపారు. బాగుపడేదాకా ఉండవలసిందే.

"మరి నాను బాగుపడతానంటారా?" అంది లక్ష్మణమ్మ.

"ఇప్పట్లో ఆశ లేదమ్మా," అన్నారాయన సంతోషంగా.

మరుసటి ఏడు కౌన్సిలు కార్యదర్శి మిస్ ప్రింగిల్ తనిఖీకి వచ్చారు. వరండాలో వింతైన దృశ్యం కనిపించింది. తెల్లచీర కట్టిన ముసలావిడ కాళ్లు చాపుకొని కూర్చుని ఉంది. జుమా ఆమె కాళ్లు పిసుకుతున్నాడు. నీమా ఆమె తల దువ్వుతోంది.

"ఈమె ఎవరు పాపా?" అని అడిగారు మిస్ ప్రింగిల్.

"మా అనాథ," అంది నీమా, దువ్వెన ఆపకుండా. "పాపం, ఎవరూ లేరు. రోజూ ఎవరో వస్తారు, కౌగిలించుకొంటారు, ఫోటో తీయించుకొని వెళ్లిపోతారు. అందుకని మేం ఉంటున్నాం."

మిస్ ప్రింగిల్ కళ్లు చెమర్చాయి. ఆమె వెంటనే వంగి లక్ష్మణమ్మను కౌగిలించుకొని, ఫోటో తీయించుకొని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు.