పదిహేను నిమిషాల్లో రెండు వేల ఏళ్ళు

రెండు వేల ఏళ్ళ నాటి శిథిలాలు చూడటానికి పదిహేను నిమిషాలు చాలు. అంతకు మించి చూసేవాళ్ళకి ఇంకే పనీ లేదని నా గట్టి నమ్మకం.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. పడిపోయిన రాళ్ళు పడిపోయే ఉంటాయి. పదిహేనో నిమిషంలో ఎలా ఉన్నాయో మూడో గంటలోనూ అలాగే ఉంటాయి. వాటి ముందు నిలబడి గడ్డం నిమురుకుంటూ "ఆహా!" అనడానికి ఎంతసేపు కావాలి? అందుకే ప్రతి యాత్రికుడికీ ఒక వరం దొరకాలని కోరుకుంటాను. ఓడ మనల్ని వదిలేసి వెళ్ళిపోతుందన్న భయమే ఆ వరం!

క్రూజు ఓడ ఎక్కనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఓడ పొద్దున్నే ఏదో ఒక రేవులో ఆగుతుంది. సాయంత్రం దాకా తిరిగి రమ్మంటుంది. దగ్గర్లో శిథిలాలుంటే ఓడవాళ్ళే బస్సు పెట్టి, చొక్కాకి నంబరు స్టిక్కరు అంటించి, గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు వెనకాల నడిపించి, మళ్ళీ తెచ్చి ఓడలో దింపుతారు. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే మాత్రం హారను కొట్టి వెళ్ళిపోతుంది.

మేము సొంతంగా వెళ్ళాం. ఈ వయసులో నా చొక్కాకి స్టిక్కరేమిటండీ! నేనేమైనా పార్సిలునా?

మేము అంటే ముగ్గురం. నేను, మా ఆవిడ, మా ఆవిడ అక్కగారు. అంటే మా వదిన. అసలు ఈ ప్రయాణమే ఆవిడ కోసం. హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు సోషల్ టీచరుగా పనిచేసి కిందటేడాది రిటైరయ్యారు. ఏటా ఎనిమిదో తరగతికి ఈ శిథిలాల్లోని రాతి నాటకశాల గురించి పాఠం చెప్పేవారు. నల్లబల్ల మీద అర్ధచంద్రంలా మెట్లు గీసి, మధ్యలో వేదిక గీసి, "ఈ వేదిక మీద గుసగుసలాడినా ఆఖరి మెట్టు మీదవాళ్ళకి వినబడుతుంది" అనేవారు. ఏటా ఎవరో ఒక గడుగ్గాయి లేచి, "మీరు విన్నారా టీచర్?" అని అడిగేది. మా వదిన అబద్ధం ఆడరు. "లేదమ్మా, పుస్తకంలో ఉంది" అనేవారు. ముప్ఫై ఒక్కసార్లు అలా అన్నాక, ఒక్కసారైనా తన చెవులతో వినాలని ఆవిడకి పట్టుదల వచ్చింది.

సొంతంగా వెళ్ళడంలో ఉన్న గొప్ప లాభమేమిటంటే, శిథిలాలు తప్ప తక్కినవన్నీ చూడొచ్చు. ఓడ మెట్లు దిగి రేవు గేటు దాకా నడిచేసరికే ప్రపంచంలో ఎన్ని రంగుల కంటెయినర్లున్నాయో తెలిసిపోయింది. గేటు బయట టాక్సీవాళ్ళు పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు ఎదురొచ్చారు. వాళ్ళలో ఒకాయన, శిథిలాల వైపు బస్సులు మానేసి ఏళ్ళయిందని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. ఆయన చెబుతుండగానే వెనకనుంచి బస్సు వెళ్ళిపోయింది. అయినా ఆయన మాట మార్చలేదు. అంత నిలకడ ఈ రోజుల్లో ఎవరికుందండీ?

ఇంటర్నెట్లో ఒకాయన ఎనిమిదో నంబరు బస్సెక్కమని రాశాడు. ఇంకొకావిడ, పద్దెనిమిది తప్ప ఏదెక్కినా మీ ఖర్మ అని రాసింది. ఇద్దరి మాటా కొట్టెయ్యడం ఎందుకని మధ్యే మార్గంగా పదమూడెక్కాం. అది నలభై నిమిషాలు తిప్పి తిప్పి ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు దింపింది. మా ఆవిడ పైకీ కిందకీ చూసి, "ఏవండీ, శిథిలాలు బొత్తిగా కొత్తగా ఉన్నాయే!" అంది. ఆ ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ ఉందని స్టిక్కరు అంటించుకున్నవాళ్ళకి తెలుసా? ఆ గేటు దగ్గర వాచ్‌మన్ ఎంత మర్యాదస్తుడో వాళ్ళకి తెలుసా? ఆయన కుర్చీలో మా వదిన అరగంట కూర్చున్నారు. మేము వెనక్కి వచ్చి, బస్సు మారి, ఇంకో బస్సు మారి శిథిలాలు చేరేసరికి మధ్యాహ్నం పావు తక్కువ రెండైంది.

ఇక్కడే భయం అనే వరం పనిచెయ్యడం మొదలుపెట్టింది. రిటైరైన రోజునే మా వదిన వాచీ తీసి బీరువాలో పెట్టేశారు. టైము సంగతంతా నాకు అప్పజెప్పారు. పొద్దున బయల్దేరేటప్పుడు, "ఎన్నింటికి తిరిగి రావాలి మరిదిగారూ?" అని అడిగితే, "మూడున్నరకల్లా ఓడ దగ్గరుండాలి వదినా" అన్నాను. మా ఇంట్లో నా మాటకి విలువ లేకపోవచ్చు. నా వాచీకి మాత్రం ఉంది.

పుస్తకంలో బొమ్మ చూసి నాటకశాల కాలనీలో ఓపెన్ ఎయిర్ సినిమా హాలంత ఉంటుందనుకున్నాను. కొండనే తొలిచి మెట్లు చేశారు! వదిన మా ఆవిడని ఆఖరి మెట్టు మీదకి పంపారు. ఆయాసపడుతూ ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, రెండు చెవుల వెనకా చేతులు పెట్టుకుంది. వదిన కింద వేదిక మధ్యకి వెళ్ళారు. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. గొంతు సవరించుకున్నారు. ముందు వదిన గుసగుస మా ఆవిడ వినాలి, తర్వాత చోట్లు మార్చుకుని వదిన వినాలి. అదీ ఏర్పాటు.

సరిగ్గా అప్పుడే నేను వాచీ చూసుకున్నాను. వచ్చినంతసేపూ వెళ్ళడానికీ పడితే ఇంకేమైనా ఉందా?

"టైమైపోయింది! ఓడ వెళ్ళిపోతోంది! పదండి, పదండి!"

నాటకశాల దద్దరిల్లిపోయింది. మా ఆవిడ చీర ఎత్తి పట్టుకుని పరుగున దిగింది. ఎవరో స్టిక్కర్లవాళ్ళు, నా భాష రాకపోయినా నా భావం అర్థమై, గైడుని వదిలేసి వాళ్ళ బస్సు వైపు పరుగెత్తారు. వదిన మాత్రం మెల్లగా చెప్పులు తొడుక్కున్నారు.

బస్సులో ఆవిడ మొహం చూసి ఓదారుద్దామనుకున్నాను. "మీ పాఠం నిజమే వదినా! నా గొంతు ఆఖరి మెట్టు దాకా వినబడిందట!"

"అరిస్తే సంతలో అయినా వినబడుతుంది మరిదిగారూ," అన్నారావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ. "నేను పిల్లలకి చెప్పింది గుసగుస గురించి."

బస్సులు వెంటవెంటనే దొరికాయి. పదమూడో నంబరు ఎక్కకపోతే దారి నలభై నిమిషాలేనట. రేవు చేరాం. ఓడ కొండలా నిలబడి ఉంది. మెట్ల దగ్గర నరపురుగు లేదు. బోర్డు మీద పెద్దక్షరాలతో, ప్రయాణికులందరూ అయిదున్నరకల్లా ఓడ ఎక్కాలని రాసి ఉంది. పైన గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

వదిన బోర్డు చదివారు. గడియారం చూశారు. మమ్మల్నిద్దర్నీ చూశారు. హోంవర్కు చెయ్యని పిల్లల్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసిన చూపది.

ముందు మా ఆవిడ నీళ్ళు నమిలింది. "అది కాదక్కా... ఈయన ఎక్కడ కాఫీ కనబడితే అక్కడ కూలబడతారు కదా. అందుకని ఈయనకి నాలుగున్నర అని చెప్పా."

ఇక నా వంతు. "అది కాదు వదినా... మీరు రాయి కనబడితే కదలరు కదా. పైగా దారిలో టైరు పంచరవ్వచ్చు. అందుకని మీకు మూడున్నర అని చెప్పా." ఆ పైన నా వాచీ ఎప్పుడూ పావుగంట ముందుంటుందన్న సంగతి కూడా ఒప్పుకోక తప్పలేదు. అది పావుగంట ముందుందని నాకు తెలుసు. తెలిసీ భయపడటంలోనే ఉంది జాగ్రత్తంతా!

చూశారా? ఒకరి మీద ఒకరికి ఎంత ప్రేమో! ఓడ తప్పిపోతామేమోనని మా ఆవిడ నాకు గంట కోసింది, నేను వదినకి ఇంకో గంట కోశాను. ఇంత ప్రేమగా చూసుకునే కుటుంబంలో శిథిలాలకి పదిహేను నిమిషాలు మిగలడమే ఎక్కువ.

వదిన ఇవేవీ పట్టించుకోకుండా సంచీ భుజానికి సర్దుకున్నారు. "నేను మళ్ళీ వెళ్ళొస్తా."

"ఒక్కరేనా! నేనూ వస్తా వదినా!"

"వద్దు మరిదిగారూ. మీరిక్కడే కూర్చుని ఓడ వెళ్ళిపోకుండా చూస్తూ ఉండండి."

చూశాను. రేవులో ఇనప బెంచీ మీద కూర్చుని రెండు గంటల పైన ఓడని చూశాను. అది వీసమెత్తు కదల్లేదు. మా ఆవిడ పక్క బెంచీ మీద కూర్చుంది. నాలుగున్నరకి నా పాత భయం మళ్ళీ మొదలైంది. అయిదుకి అది మాయమై ఇంకోటి వచ్చింది. పరాయి ఊళ్ళో, రాని భాషలో, ఒక్కరే వెళ్ళారు. రెండేసి బస్సులు మారాలి. నా గొంతు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే ఆవిడకి ఈ రెండో ప్రయాణం తప్పేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను. అయిదుంబావుకి మెట్ల దగ్గర ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, మా వదిన రాకుండా ఓడ కదిపితే తాళ్ళు పట్టుకుని వేలాడతానని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఓడ పోతే పోయింది, ఆవిడ వస్తే చాలనిపించింది.

అయిదూ ఇరవైకి వదిన వచ్చారు. పరుగెత్తుకుంటూ కాదు, కూరగాయలకి వెళ్ళొచ్చినట్టు తాపీగా. నేను ఎదురెళ్ళాను. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే అడిగింది. "విన్నావా అక్కా?"

"విన్నానే! గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడని సైగలు చేసి వేదిక మీద నిలబెట్టా. నేను ఆఖరి మెట్టెక్కి కూర్చున్నా. వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అంది. ఏమందో నాకు తెలీదు కానీ, ఒక్క అక్షరం పోకుండా వినబడింది." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అది కప్పిపుచ్చుకోవడానికి, పెద్దమనిషిలా గడ్డం నిమురుకుంటూ ఒక ప్రశ్న వేశాను. "అంత చిన్న గుసగుస అంత పైకి ఎలా వచ్చిందంటారు వదినా? ఆ రాళ్ళు పేర్చిన తీరా, మెట్ల వాలా, గాలి మహిమా?"

వదిన ఓడ మెట్లెక్కుతూ వెనక్కి తిరిగారు.

"అవన్నీ కాదు మరిదిగారూ. చుట్టుపక్కల మీరు లేరుగా!"