పేడపురుగుల వైవా

ఆ పొద్దున కోటేశ్ వేసుకున్న ప్లాను చాలా తేలికైనది. వైజాగ్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నిర్మలాదేవికి భద్రాచలంలో దర్శనం చేయించాలి. మధ్యాహ్నానికి ఆమెను ఖమ్మం కాలేజీకి చేర్చాలి. అక్కడ వైవా అనే ఆఖరి గండం దాటి డాక్టర్ కోటేశ్ అయిపోవాలి. పేడపురుగుల మీద అతని పీహెచ్‌డీ ఏళ్ల తరబడి నడిచింది. కోర్సు పరీక్షలు, సెమినార్లు, జర్నల్లో వ్యాసాలు, థీసిస్ బైండింగు అన్నీ అయిపోయాయి. యూనివర్సిటీ ఇంకా అడగనిది అతని జాతకం ఒక్కటే.

గైడు వెంకటరామారావు ఫోన్లో పదేపదే చెప్పిందీ ఒక్కటే. "మేడం ఏది అడిగినా కాదనకు."

దర్శనం బ్రహ్మాండంగా అయింది. కొత్తగూడెం దాటాక మేడం, "మీరు పురుగుల్ని పట్టిన చోటు ఇటువైపేగా? ఒకసారి చూసి పోదాం" అంది. కాదనకూడదు కదా. జీపు చండ్రుగొండ మీదుగా కోటేశ్ సొంతూరి అడవిదారి పట్టింది. ఊరి ముందున్న వాగు ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి.

"ఆ పెంకుటిల్లు మా మేనత్తది మేడం. మీరు నీడకు కూర్చోండి, జీపు లేపుకొని వస్తా" అన్నాడు కోటేశ్. బుద్ధి గడ్డి తిని ఆమెను ఒంటరిగా పంపాడు.

మేనత్త గంగక్క వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. మేనల్లుడికి పెళ్లి కాలేదన్న బెంగ ఆమెను ఎప్పటినుంచో తినేస్తోంది. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు, చేతిలో ప్రసాదంతో నేరుగా ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చోగానే "కోటేశ్ ఎలాంటి అబ్బాయమ్మా?" అని అడిగితే ఏ మేనత్తయినా ఏమనుకుంటుంది?

"బంగారమమ్మా. తాగడు, తిరగడు" అంది గంగక్క.

"పేడలో పురుగుల్ని తనే ఏరేవాడా?"

గంగక్క ఇప్పపువ్వు వదిలేసి దగ్గరికి వచ్చింది. వచ్చిన సంబంధాలన్నీ ఆ పేడ దగ్గరే చెడ్డాయి. "పేడనా? మా పిల్లగాడు పేడ దిక్కు సూడనన్న సూడడు. ఎవరు చెప్పిన్రమ్మా మీకు?"

"మరి అన్ని పురుగుల్ని ఎవరు పట్టారు?"

"కూలోళ్లు. మావోడు చెట్టు కింద కూసోని రాసుకునుడే, ఆఫీసరు లెక్క."

నిర్మలాదేవి ముఖం బిగుసుకుపోయింది. "ఈ సంగతి ఇవాళే, ఖమ్మంలో అందరి ముందూ తేల్చాలి" అంది.

గంగక్క గబగబా లోపలికి పోయి మంచి చీర కట్టుకొచ్చింది. మాటలు ఖాయమయ్యే చోట పిల్లగాడి తరఫున పెద్దదిక్కు ఉండొద్దా? జీపు లేవగానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకత్తా?" అన్నాడు కోటేశ్.

"నువ్వు మాట్లాడకు. నేను అంతా మాట్లాడిన."

దారి పొడుగునా మేడం కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఎండ తగిలిందేమోనని కోటేశ్ కొబ్బరిబోండం కొట్టిస్తే ముట్టలేదు.

వైవా ఎవరైనా వినొచ్చని రూలు. గంగక్క ముందు వరసలోనే కూర్చుంది. మేడం మొదటి ప్రశ్న: "పురుగుల్ని మీరు పట్టారా, కూలివాళ్లా?"

"నేనే మేడం."

"మీ మేనత్త వేరేలా చెప్పారు. స్వయంగా చేయని పరిశోధన చెల్లదు."

వెంకటరామారావు టీ కప్పు పక్కన పెట్టి కోటేశ్ వైపు చూశాడు.

"అవ్, నేనే చెప్పిన" అంది గంగక్క ధీమాగా. "పేడ ముట్టడు మావోడు."

కోటేశ్‌కు అప్పుడు తట్టింది. "అత్తా, ఈమె పిల్ల తరఫు కాదు. పరీక్ష పెట్టే మేడం. నేను పేడ ముట్టలేదంటే డిగ్రీ రాదు."

గంగక్క లేచి కొంగు దోపుకుంది. "గట్లయితే ఇనుండ్రి. పొద్దుగాల్నే బర్రెల ఎనక బకెట్ పట్టుకొని తిరిగేటోడు. నా చాటలన్నీ పేడతోని ఖరాబు చేసిండు. పెనుబల్లి నుంచి పిల్ల తరఫోళ్లు వస్తే, వీని అంగీ జేబులకెల్లి పురుగు లేసి పిల్ల తండ్రి చాయ్‌ల పడ్డది. ఆ సంబంధం పాయె. ఇంకోటి వాసనకే పాయె. కూలోళ్లు పడితే ఈ సంబంధాలు ఎందుకు పోతయ్?"

ఆ వాదనలో లోపం ఎవరికీ దొరకలేదు. నిర్మలాదేవి నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "ఆ చాయ్‌లో పడింది ఏ జాతి?" అని కోటేశ్‌ను అడిగింది. అతను దాని శాస్త్రీయ నామం, కొమ్ము వంపు, అది ఏ పశువు పేడకు వాలుతుందో, ఏ కాలంలో గుడ్లు పెడుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె సంతకం పెట్టేసింది.

వెంకటరామారావు రూలు ప్రకారం సభవైపు తిరిగాడు. "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగొచ్చు."

గంగక్క చెయ్యెత్తింది. "మేడం, మీకు ఆడపిల్లలు ఉన్నరా?"

"లేరమ్మా. ఇద్దరూ మగపిల్లలే."

"మరి గంత దూరం మా ఇంటికి ఎందుకొచ్చినట్టు?"

బోర్డు ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వకుండానే వైవా ముగించింది.