డంకను యల్లయ్య స్కాట్లాండు మూలాలు

మనిషికి తిండి లేకపోయినా ఫరవాలేదు, వంశచరిత్ర మాత్రం ఉండి తీరాలి!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది నిండిందో లేదో, మా మార్కాపురం వైపు వంశచరిత్రల ఉత్పత్తి పలకల ఉత్పత్తిని మించిపోయింది. దీన్ని కొందరు పీడ అంటున్నారు. ఎంత అజ్ఞానం!

వెలిగండ్లలో ఒకాయనకు తన ముత్తాతలు ఏనుగులు కట్టేవారని తేలింది. వెంటనే గుమ్మం పగలగొట్టించి ఎత్తు పెంచాడు. ఇంట్లో ఉన్నది ఒక్క బర్రె. అయితేనేం, అది ఇప్పుడు తల వంచకుండా లోపలికి వస్తోందా లేదా? కొనకనమిట్లలో ఇంకొకాయన తమది సేనాపతుల వంశమని తెలిసిన నాటి నుంచి కొడవలి ముట్టడం లేదు. భార్య కోత కోస్తుంటే గట్టు మీద నిలబడి ఆజ్ఞలు ఇస్తున్నాడు. సైన్యం ఒక్కరే అయినా క్రమశిక్షణ చూడముచ్చటగా ఉంది.

వీళ్లందరినీ తలదన్నినవాడు పెద్దారవీడు దగ్గర గొర్రెలు కాచుకునే డంకను యల్లయ్య.

ఇంటిపేరు చూసి ఉలిక్కిపడకండి. రైలుదారి వేసే రోజుల్లో డంకన్ అనే ఇంజనీరు దొర గొర్రెలను యల్లయ్య తాత కాసేవాడు. దొర ఓడెక్కాడు, గొర్రెలు కూరలోకి వెళ్లాయి, పేరు మాత్రం ఈ ఇంటికి అతుక్కుపోయింది. దానివల్ల యల్లయ్యకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అతని బాధ వేరే. ఊరికి ఉత్తరాన ఉన్న మేత బీడు మీద పంచాయతీ ప్రెసిడెంటు చెన్నకేశవులు కన్ను పడింది. దున్నుకుంటాను, పట్టా ఇవ్వమని అర్జీ పెట్టాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు గురువారం పెద్దారవీడు క్యాంపులో తాసిల్దారు ఎదుట చెప్పుకోవాలని దండోరా వేశారు. ఆ బీడు పోతే యల్లయ్య మంద మేయడానికి ఇంకో చోటు లేదు.

బుధవారం పొద్దున చెన్నకేశవులు స్వయంగా యల్లయ్య గుడిసెకు వచ్చాడు.

“యల్లయ్యా, నీ ఇంటిపేరు యాడ పుట్టిందో మన బడి విశ్వాసం మాస్టారు ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసి కనుక్కున్నాడు. స్కాట్లాండు అంట! రేపు బడి కాడ నీకు సన్మానం పెట్టినా. కుర్చీ, దండ, శాలువా అన్నీ తెప్పించినా.”

“రేపు క్యాంపుకు పోవాల కదన్నా.”

“తాసిల్దారు మళ్లీ వస్తాడు. చరిత్ర మళ్లీ వస్తాదా?”

ఎంత గొప్ప మాట! ఆయన వెళ్లగానే యల్లయ్య భార్య మాలకొండమ్మ అడ్డం పడింది. “ఏందయ్యా, బీడు పోతే గొర్రెలు శాలువా మేస్తాయా?” యల్లయ్య వినలేదు. బుద్ధెరిగిన నాటి నుంచి ఊరి పెద్దల ముందు నేల మీద కూర్చున్నవాడు. కుర్చీ వేస్తామంటే ఆశ పుట్టదా?

గురువారం సభ మొదలైంది. ప్రెసిడెంటు ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన తరఫున క్యాంపుకు తమ్ముడు వెళ్లాడు.

“డంకన్ అంటే వాళ్ల పాత భాషలో గోధుమరంగు యోధుడు. ఆ పేరుతో స్కాట్లాండులో రాజులుండినారు,” అన్నాడు మాస్టారు. చప్పట్లు! యల్లయ్య తన చేతుల రంగు చూసుకుని శాలువా సర్దుకున్నాడు.

మాస్టారు నిజాయితీపరుడు. కథను రాజుల దగ్గర ఆపలేదు. “ఆ తర్వాత అక్కడి జమీందార్లు ఉన్ని ఆదాయం కోసం కొండలన్నీ గొర్రెలకు ఇచ్చేసినారు. తరతరాలుగా ఉన్న కాపురాలను వెళ్లగొట్టినారు. ఆ జనం సముద్రాలు దాటి దేశాలు పట్టి పోయినారు.”

యల్లయ్య కుర్చీలోంచి లేచాడు. “గొర్రెల కోసం మనుషుల్ని తరిమినారా! ఎంత మంచి దేశం సారూ!” జనం పడీపడీ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ, మళ్లీ కూర్చోలేదు. “అయితే సారూ, ఆ మనుషులు ఎవరికీ చెప్పుకోలేదా?”

మాస్టారు జవాబు చెప్పబోయాడు.

“మాస్టారూ, ఆ రాజుల సంగతి ఇంకోసారి చెప్పండి,” అన్నాడు చెన్నకేశవులు. రాజులు మళ్లీ వచ్చారు, మళ్లీ చప్పట్లు మోగాయి. పొద్దు వాలేదాకా రాజులు వస్తూనే ఉన్నారు. ఆ పాటికి క్యాంపు ఎత్తేశారు.

తొలకరికి బీడు మీద అరకలు కట్టారు. యల్లయ్య పరుగెత్తాడు. “అన్నా, నా జీవాలు యాడ మేయాల?”

“రాజుల వంశం నీది. నీకు గొర్రెలేందయ్యా?” అన్నాడు చెన్నకేశవులు, ఎంతో గౌరవంగా.

నెల తిరక్కముందే యల్లయ్య సగం మంద మార్కాపురం సంతలో అమ్మేశాడు. మిగిలిన సగాన్ని తోలుకుని, మాలకొండమ్మతో కలిసి గిద్దలూరు అవతలికి వెళ్లిపోయాడు.

చూశారా వంశచరిత్ర మహిమ! ఇంకో వందేళ్లకు ఎవరో పండితుడు సభలో చదువుతాడు: “డంకను వారు పెద్దారవీడు ప్రాంతం నుండి గిద్దలూరు అవతలికి వలస వెళ్లిరి.” ఎందుకు వెళ్లిరని అడిగే దిక్కెవరు? అప్పటికి ఆ బీడు చెన్నకేశవులు మనవళ్లకు తాతల నాటి పొలం అయి ఉంటుంది.