గుండ్రటి గీతల విచారణ

“ఇది కేవలం బానెట్ కాదు. ఈ కుటుంబ గౌరవానికి ముఖం. దీని మీద గీతలు పడ్డాయంటే మన ముఖాన పడ్డట్టే.”

మామగారు తీర్పు చదువుతున్నారు. ముద్దాయిని నేను. షెడ్డులో ఎర్ర కారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆదివారంలోగా నేనూ నా భార్యా మేడమీద వాటా ఖాళీ చేయాలట. కిందటి వారం కారును ఒక్కసారి బయటికి తీశాను. ఇప్పుడు టార్చి వేస్తే బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మామగారు ఉద్యోగమంతా విచారణాధికారిగా చేశారు. ఆయన ముందుకొచ్చినవాడెవడూ నిర్దోషిగా బయటపడలేదు. ఒకసారి ఫిర్యాదు చేసినవాడికే శిక్ష వేశారు.

“మామయ్యా, రోజూ కారు తుడిచే మనిషిని ఒక మాట అడుగుదామా?” అన్నాను.

“అతని జోలికి వెళ్ళకు. అంత నమ్మకస్తుణ్ణి నేను చూడలేదు.”

నిజానికి అతన్ని ఎవరూ చూడలేదు. తెల్లవారకముందే వచ్చి తుడిచి వెళ్తాడని ప్రతీతి. వీధిలో మరెవరికీ అలాంటి పనివాడు లేడు. ఎదురింటి పెద్దాయన ఒకప్పుడు మామగారికి పై అధికారి. ఆ మనిషిని తమ కారుకూ పంపమని ఆయన ఎప్పుడడిగినా, “వాడికి తీరిక దొరకదండీ” అని మామగారు మీసం సవరించుకునేవారు.

శిక్ష సంగతి అలా ఉంచి, ముందు గీతలు పోవాలి. మామగారు మూడు పాలిష్ సీసాలు తెప్పించారు. ముతకది, మధ్యరకం, మెత్తనిది. ఆయన చెయ్యి సూటిగా ముతకదాని మీద పడింది.

“నేరం పెద్దది. మందు ఘాటుగా ఉండాలి.”

“వద్దు మామయ్యా, అది రంగును తినేస్తుంది. కారు టాప్ ఎండకు పాలిపోయింది, రుద్దితే గుడ్డకు ఎర్రపొడి అంటుతోంది. దానికైతే మధ్యరకం కావాలి. బానెట్‌వి పైపై గీతలే. మెత్తనిది అరచేయంత చోట వేసి చూద్దాం. చాలకపోతే అప్పుడు మధ్యరకానికి వెళ్దాం.”

“ముద్దాయి సలహాలివ్వడం నిబంధనలకు విరుద్ధం,” అన్నారు మామగారు. అంటూనే సీసా మార్చారు.

అరచేయంత చదరం రుద్దాను. గీతలు మాయమయ్యాయి. అందులో మామగారి మీసం వెంట్రుకతో సహా కనిపించింది. ఆయన షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నేనూ నా భార్యా అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, ఆ రాత్రికి మా వదినగారింట్లో ఉండిపోయాం.

మర్నాడు తిరిగొచ్చేసరికి ఎదురింటి పెద్దాయన షెడ్డులో ఉన్నారు. మామగారు గర్వంగా టార్చి వేశారు. నిన్నటి చదరం నిండా కొత్త గీతలు.

“ఎవరో పొడిగుడ్డతో రుద్దారయ్యా,” అన్నారు పెద్దాయన వంగి చూసి.

“అల్లుడి పనే.”

“నేను రాత్రి ఇక్కడ లేనుగా మామయ్యా.”

“అయితే మీ మనిషిని పిలవండి. నేనే అడుగుతాను,” అన్నారు పెద్దాయన.

“వాడికివాళ సెలవండీ.”

“సెలవైతే మరి ఈ తుడుపు ఎవరిది?”

“తుడిచేశాకే సెలవు పెట్టాడు,” అన్నారు మామగారు తొణక్కుండా. “ఏది ఏమైనా తీర్పు మారదు. ఆదివారం ఖాళీ.”

గుమ్మంలోంచి అత్తగారు దిగి వచ్చారు. “పిల్ల పైన పెట్టెలు సర్దుతోందండీ. ఇక చాలించండి.”

“విచారణకు అడ్డు రాకు. నేరస్తుడెవరో తెలిస్తే గట్టిగా చెప్పు. తెలియకపోతే లోపలికి వెళ్ళు.”

అత్తగారు లోపలికి వెళ్ళలేదు. ఒకసారి మేడమెట్ల వైపు చూసి, పెద్దాయన వైపు తిరిగారు.

“అన్నయ్యగారూ, మా ఇంటికి కారు తుడిచే మనిషంటూ ఎవరూ రారు. రోజూ చీకటితో లేచి, నా పాత తువ్వాలుతో ఈ కారును పొడిగానే రుద్దేది మా ఆయనే.”