ఎడమచెయ్యి మార్పిడి

శాన్ ఎలాడియో కొంగల బేస్‌బాల్ క్లబ్ చరిత్రలో ఇంత బరువైన నిర్ణయం ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదనీ, దాన్ని మొయ్యగల భుజాలు జిల్లా మొత్తమ్మీద రెండే ఉన్నాయనీ, ఆ రెండూ తనవేననీ సెనేటర్ ఎవారిస్తో పెగేరో గారు సోమవారం ఉదయం పత్రికలవాళ్ళకు ప్రకటించారు. సెనేటర్ గారు కొంగల క్లబ్‌కు అధ్యక్షులు కూడా. మే నెలలో ఎన్నికలు. కాబట్టి రెండు పదవుల్లో దేనికి ఎంత సమయం ఇస్తున్నారో ఆయనకే తెలిసేది కాదు. అది ఆయన నిరాడంబరత.

నిర్ణయం ఏమిటంటే, యెర్లిన్ మొస్కేయా అనే ఇరవయ్యొక్కేళ్ళ పిచ్చర్‌ను, అంటే బ్యాటర్లకు బంతి విసిరేవాణ్ణి, ఉంచుకోవాలా, లేక పుంతా రూబియా పీతల జట్టుకు ఇచ్చేసి బదులుగా ఇంకొకణ్ణి తెచ్చుకోవాలా అన్నది. ఇలాంటిది ఒక్కరి బుర్రతో తేలేది కాదు గనక ఏడుగురితో కమిటీ వేశారు. పార్టీ కార్యదర్శులు ఇద్దరు, సెనేటర్ గారి బావమరిది, ఒక పళ్ళ డాక్టరు, సర్వేలు చేసే ఒనేసిమో, సెనేటర్ గారి ఆంతరంగికుడు రాదమేస్. బేస్‌బాల్ తెలిసినవాళ్ళు కూడా ఒకరుంటే చూడ్డానికి బాగుంటుందని ఎవరో అనడంతో ఏడో కుర్చీ పిచింగ్ కోచ్ నార్సిసో ఒగాండోకు దక్కింది. ఆ సంగతి ఆయనకు మంగళవారం పేపరు చూస్తే తెలిసింది.

నార్సిసోకు అరవై నాలుగేళ్ళు. బంతి ఎలా విసరాలో కుర్రాళ్ళకు నేర్పడం తప్ప వేరే పని చెయ్యలేదు. యెర్లిన్‌ను కనిపెట్టింది ఆయనే. లాస్ లతాస్ పేటలో రేకుల ఇళ్ళ మధ్య ఒక బక్కపలచని కుర్రాడు ఎడమచేత్తో పచ్చి నిమ్మకాయలు గోడకేసి కొడుతుంటే, ప్రతి కాయా ఒకే మచ్చ మీద తగలడం చూసి, ఆయన స్కూటర్ ఆపాడు. పోయిన సీజన్‌లో ఆ కుర్రాడు గంటకు తొంభై ఏడు మైళ్ళ వేగంతో విసిరాడు. ఊరు ఊరంతా వాడి పేరు చొక్కాల వెనక రాయించుకుంది.

ఈ సీజన్‌లో సంగతి వేరు. మొన్న శనివారం వరసగా ఐదుగురు బ్యాటర్లకు నాలుగేసి తప్పుడు బంతులు వేసి, వాళ్ళకు బ్యాటు ఊపే శ్రమ కూడా లేకుండా ఊరికే బేస్‌కు పంపించాడు. ఆరోవాడికి వేసిన బంతి పక్కన గంతులేస్తున్న కొంగ వేషగాడి ముక్కుకు తగిలింది. పోయినేడు ఆ పేరు రాయించుకున్న చొక్కాల్లోంచే జనం వెక్కిరింపు ఈలలు వేశారు.

ఎందుకిలా అయిందో నార్సిసోకు తెలుసు. సెప్టెంబరు నుంచి సెనేటర్ గారు జిల్లాలో ప్రారంభోత్సవాలు చేస్తున్నారు. మురిక్కాలువ, బస్టాపు, నీళ్ళు రావలసిన కుళాయి, డాక్టరు రావలసిన ఆసుపత్రి, ఏదైనా సరే. రిబ్బను కత్తిరించగానే యెర్లిన్ ముందుకొచ్చి బంతి విసరాలి. ఊరికే విసిరితే కుదరదు, బలంకొద్దీ విసరాలి. రాదమేస్ వేగం కొలిచే యంత్రం పట్టుకుని నిలబడి అంకెను మైకులో చదువుతాడు. వెనకాల బ్యానరు: 'పెగేరోతో ప్రగతి, గంటకు తొంభై ఏడు మైళ్ళు.' జనం ఇంకోటి అంటే ఇంకోటి. పది అంటే పది. ఒళ్ళు వెచ్చబడకుండా, తారురోడ్డు మీద, మామూలు బూట్లతో. ఒక ఆదివారం నాలుగు ఊళ్ళు తిరిగి, ఆ సాయంత్రమే మ్యాచ్ ఆడాడు. ఇప్పటికి ముప్పై ఒక్క ప్రారంభోత్సవాలు. ముప్పై ఒక్కసారీ నార్సిసో బండిలో వెనక సీట్లో కూర్చుని వెళ్ళాడు. ఒక్కసారీ నోరు విప్పలేదు. కోచ్ ఉద్యోగం ఏడాదికోసారి సెనేటర్ గారి సంతకంతో పొడిగిస్తారు.

ముప్పై ఒకటో చోట, కోళ్ళ సంత గేటు దగ్గర, యంత్రం ఎనభై ఎనిమిది చూపించింది. రాదమేస్ అలవాటు కొద్దీ పైకి చదివేశాడు. మర్నాడు ప్రతిపక్షం రేడియో, పెగేరో ప్రగతి తొమ్మిది మైళ్ళు పడిపోయిందని రోజంతా వాయించింది. కుర్రాడి భవిష్యత్తు గురించి సెనేటర్ గారికి బెంగ పట్టుకున్నది సరిగ్గా ఆ రోజునే.

కమిటీ పార్టీ ఆఫీసులో కూర్చుంది.

"చెయ్యి అలసిపోయిందండీ," అన్నాడు నార్సిసో. "ఇంకేం రోగం లేదు. ముప్పై రోజులు బంతి ముట్టుకోనివ్వకపోతే తిరిగొస్తుంది."

"ముప్పై రోజులా!" రాదమేస్ డైరీ తిప్పాడు. "పద్దెనిమిది ప్రారంభోత్సవాలున్నాయి."

"అవి మానేస్తే సరి."

"ఏవి? అభివృద్ధి పనులా?"

"పనులు చేసుకోండి బాబూ. బంతి మానెయ్యండి."

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగా చెబుతున్నా. అలసట అనేది చేతిలో ఉండదు. మనసులో ఉంటుంది."

"మీరు పళ్ళ డాక్టరు కదండీ."

"అయితే? పళ్ళకి మనసుండదా?"

సెనేటర్ గారు చిరునవ్వు నవ్వారు. "నార్సిసో గారూ, మీరు కోచ్. చేతిని చూస్తారు. మేం ప్రజల్ని చూస్తాం. ఇద్దరం చూసేది ఒకటే కాదు కదా." ఆ మాటను కార్యదర్శులిద్దరూ రాసుకున్నారు. కోచ్ గారి అభిప్రాయాన్ని కూడా మినిట్స్‌లోకి ఎక్కించారు. 'కోచ్ హర్షం వ్యక్తం చేశారు' అని.

నార్సిసో తిన్నగా లాస్ లతాస్‌కు వెళ్ళాడు. యెర్లిన్ తల్లి దోన్యా థెల్మా స్టేడియం గేటు దగ్గర బండి మీద పిండి అప్పాలు వేయించి అమ్ముతుంది. ఆ పూట ఇంట్లోనే ఉంది. కొడుకు చొక్కాకు గుండీలు పెడుతోంది. ఇరవయ్యొక్కేళ్ళవాడు బడికెళ్ళే పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది?" అన్నాడు నార్సిసో.

"మూడు వారాలు, కోచ్."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు పక్కనే ఉన్నారు కదా," అన్నాడు యెర్లిన్. వెటకారంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

"రేపట్నించి విసరనని చెప్పు. నేను నీ వెనక ఉంటా."

"చెబితే అమ్మ బండిని గేటు దగ్గర ఉండనిస్తారా?"

దోన్యా థెల్మా చివరి గుండీ పెట్టి వెనక్కి తిరిగింది. "బండి సంగతి నువ్వు చూడక్కర్లేదు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ నూనెలో నా చేతులు కాలుతున్నాయి. నీ చెయ్యి కూడా ఎందుకు కాలాలి?" తర్వాత నార్సిసో వైపు చూసింది. "మిమ్మల్ని నమ్మి పంపాను పెద్దాయనా. మీరు పెద్దమనిషి, ఏమీ అనను. కాఫీ తాగుతారా?"

ఆ కాఫీని ఆయన సగంలోనే వదిలేసి లేచాడు.

రెండో సమావేశం శుక్రవారం జరిగింది. ఈసారి బల్లమీద కుర్రాడి గణాంకాలు పరిచారు. ఒనేసిమో లేచి నిలబడ్డాడు.

"యెర్లిన్ మొస్కేయా బంధువర్గం లాస్ లతాస్‌లో రెండొందల పద్నాలుగు ఓట్లు. అత్తలు, మేనమామలు, పినతల్లులు, వాళ్ళ వియ్యాలవారు. కుర్రాణ్ణి పంపేస్తే అవి కోపగించుకుంటాయి."

"పంపితే వచ్చేది?"

"పీతల జట్టు యజమాని దోన్ క్రిస్పిన్ గారు పుంతా రూబియాలో మేయరుకు నిలబడుతున్నారు. మత్స్యకారుల సంఘం ఆయన చేతిలో ఉంది. పంతొమ్మిది వందలు. కుర్రాణ్ణిస్తే అవి మనకు వేయిస్తానన్నారు."

బావమరిది ముందుకు వంగాడు. "ఆ రెండొందల పద్నాలుగులో చనిపోయినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"పదకొండు మంది."

"వాళ్ళు ఎలాగూ మనవైపే ఉంటారు. తీసెయ్."

"రెండొందల మూడు."

ఇంత నిశితంగా ఒక పిచ్చర్‌ను బేరీజు వెయ్యడం తన నలభై ఏళ్ళ అనుభవంలో నార్సిసో చూడలేదు. చెయ్యెత్తి అడిగాడు. "ఇంతకీ వాళ్ళు మనకిచ్చే ఆటగాడెవరండీ?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రాదమేస్ కాగితాలు వెతికాడు. "ఉన్నాడు. ఎక్కడో రాశాను. ఆఁ, మకారియో. పిచ్చరే."

"ఆయన పోయినేడే ఆట మానేశాడు కదండీ. మోకాలు పోయి."

"అందుకే అనుభవజ్ఞుడు అంటున్నాం," అన్నారు సెనేటర్ గారు.

"ఓటింగ్ పెడదాం," అన్నాడు బావమరిది. ఆరు చేతులు లేచాయి.

నార్సిసో తన చేతివైపు చూసుకున్నాడు. పుంతా రూబియా ఇక్కడికి రెండు గంటల దూరం. పీతల జట్టులో పిచ్చర్లకు కొదవ లేదు. కొత్తగా వచ్చినవాణ్ణి నెల రోజులు కూర్చోబెడతారు. అక్కడ సెనేటర్ ఉండడు, యంత్రం ఉండదు. వాడి చెయ్యి వాడికి మిగులుతుంది. అంతవరకూ ఆలోచించి ఆయన కూడా చెయ్యెత్తాడు. కమిటీ ఏకగ్రీవమైంది. సెనేటర్ గారు లేచి వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు.

ప్రెస్ మీట్‌లో సెనేటర్ గారు ఏడ్చారు. మొదటిసారి ఏడ్చినప్పుడు వెనక వరుసలో కెమెరా ఇంకా బిగించలేదని తెలిసి, ఏ మాత్రం విసుక్కోకుండా మళ్ళీ ఏడ్చారు. "నా కన్నబిడ్డను పంపుతున్నట్టుంది," అన్నారు. "కానీ మన పొరుగు ఊరు పిచ్చర్ల కోసం అల్లాడుతుంటే మనం కళ్ళు మూసుకోగలమా? ఇది మార్పిడి కాదు. త్యాగం."

"కుర్రాడి వేగం ఎనభై ఎనిమిదికి పడిందంటున్నారు, నిజమేనా?" అని ఒక విలేకరి అడిగాడు.

"అభిమానాన్ని మైళ్ళలో కొలవకండి నాయనా."

పక్కన మకారియో నిలబడి ఉన్నాడు. నిలబడి చాలాసేపయింది. కుర్చీ అడగడానికి మొహమాటపడుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే యెర్లిన్‌ను దిగబెట్టడానికి నార్సిసో వాడితోపాటు బస్సెక్కాడు. ఎవరూ వెళ్ళమనలేదు. దోన్యా థెల్మా గుడ్డలో అప్పాలు కట్టి ఇచ్చింది. బస్సు చెరుకు తోటలు దాటుతున్నంతసేపూ నార్సిసో మెల్లగా చెబుతూనే ఉన్నాడు. "వెళ్ళగానే అక్కడి కోచ్‌తో నేను మాట్లాడతా. ఐసు పెట్టించుకో. నెలరోజులు ఏమీ ముట్టుకోకు. ఎవరైనా విసరమంటే కోచ్ వద్దన్నాడని నా పేరు చెప్పు."

"మీ పేరు చెబితే మీ ఉద్యోగం?"

"నా ఉద్యోగానికేంరా? నలభై ఏళ్ళు చేశాను. ఇంక చాలు."

ఆ మాట పైకి అనేసరికి నిజంగానే చాలనిపించింది. సెప్టెంబరు తర్వాత ఆయన గుండె మొదటిసారి తేలికపడింది. యెర్లిన్ నవ్వాడు, కిటికీకి తల ఆనించి కునుకు తీశాడు.

పుంతా రూబియా పొలిమేరలో బస్సు ఆగింది. స్టేడియం ఇంకా దూరం. బయట బ్యాండు వాయిస్తున్నారు. కొత్త చేపల మార్కెట్టు. కప్పు ఇంకా వెయ్యలేదు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. దాని ముందు తెల్ల సూటులో దోన్ క్రిస్పిన్ గారు. ఆయన పక్కన యంత్రం పట్టుకున్న ఒక మనిషి, మైకు పట్టుకున్న ఇంకొక మనిషి.

"రావాలి రావాలి నా చిట్టి పిడుగు!" దోన్ క్రిస్పిన్ చేతులు చాచాడు. "ఒక్క బంతి. మావాళ్ళు పొద్దుట్నించీ ఎండలో నిలబడ్డారు."

నార్సిసో బస్సు మెట్ల మీంచి దాదాపు దూకేశాడు. "దోన్ క్రిస్పిన్, ఈ అబ్బాయి విసరకూడదు. చెయ్యి బాలేదు. కోచ్‌గా చెబుతున్నా."

"ఒక్కటే కదా పెద్దాయనా!"

"ఒక్కటి కూడా వద్దు. అరబంతి కూడా వద్దు."

"అబ్బే, ఈయన భలే సరదా మనిషి!" దోన్ క్రిస్పిన్ జనం వైపు తిరిగి నవ్వాడు. జనం నవ్వారు. ఇద్దరు కార్యకర్తలు నార్సిసోను మర్యాదగా భుజాలు పట్టి, ఎంతో గౌరవంగా, జనం వెనక్కి తీసుకెళ్ళి ఒక ఐసుపెట్టె మీద కూర్చోబెట్టారు. "ఒరేయ్ యెర్లిన్! నా పేరు చెప్పరా!" అని ఆయన అరిచాడు. ఆ అరుపు బ్యాండులో కలిసిపోయింది.

ఐసుపెట్టె మీద లేచి నిలబడితే తలల మీదుగా యెర్లిన్ కనిపించాడు. వాడి చేతిలో బంతి పెట్టారు. వాడు బంతిని చూశాడు. జనాన్ని చూశాడు. తర్వాత ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, బంతిని కుడిచేతిలోకి తీసుకుని విసిరాడు.

బంతి పది అడుగుల దూరంలో నేలమీద పడింది. రెండుసార్లు ఎగిరి, పక్కకు దొర్లి, ఖాళీ చేపల గంపల కిందికి దూరింది. యంత్రం పట్టుకున్న మనిషి యంత్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

మైకు మనిషి చేతిలోని కాగితం మీంచి తల ఎత్తలేదు.

"తొంభై తొమ్మిది!" అని చదివాడు. "పుంతా రూబియా ప్రజలారా, తొంభై తొమ్మిది మైళ్ళు!"

మార్కెట్టు దద్దరిల్లింది. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు ఊపారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. దోన్ క్రిస్పిన్ పరిగెత్తుకొచ్చి యెర్లిన్ కుడిచెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. ఆ చేతిని కెమెరాల వైపు ఎంత పైకి ఎత్తవచ్చో అంత పైకి ఎత్తి, "ఈ చెయ్యి ఇక మనది!" అన్నాడు.

మర్నాటి పేపర్లన్నింటిలోనూ మొదటి పేజీలో ఆ బొమ్మే వేశారు. పైకెత్తిన కుడిచెయ్యి, జేబులో ఎడమచెయ్యి, యెర్లిన్ మొహంలో చిన్న నవ్వు. కింద పెద్ద అక్షరాల్లో ఇలా రాశారు: 'పుంతా రూబియాకు దక్కిన అద్భుతమైన ఎడమచెయ్యి.'