అడగకుండా తెలుసుకున్న సంగతి

భార్య బట్టల అల్మారా బార్లా తెరిచి ఉంది; లోపల ఒక్క బట్ట కూడా లేదు.

చేతిరుమాలు కోసం ఆ గదిలోకి వచ్చిన అంతరార్థం మాస్టారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ పేరు పోటీ పరీక్షల కోచింగ్ సెంటరులో విద్యార్థులు పెట్టింది. పరీక్షలో ఒక పేరా ఇస్తారు, కింద ప్రశ్న ఇస్తారు. జవాబు పేరాలో ఎక్కడా ఉండదు. ఉన్న ఆధారాలను బట్టి తేల్చాలి. ఆ విద్యలో ఆయనను మించినవాడు లేడు. "పేరా రాసినవాడికి ఫోన్ చేసి అడుగుతావుట్రా?" అని రోజూ ఎవరో ఒకరి మీద విసుక్కునేవారు. ఆ ఉదయం, పరీక్షకు ముందు చివరి క్లాసు చెప్పి రావాలన్నది ఒక్కటే ఆయన పని.

ఆధారాలు వెతికారు. అటక మీద పెద్ద సూట్‌కేసు లేదు. వారం రోజులుగా ఆవిడ గోడల వైపు చూసి ఏదో గొణుక్కుంటోంది. రాత్రి ఆయన పేపర్లు దిద్దుకుంటుండగా, "ఇంక నావల్ల కాదు, రేపటితో తేల్చేస్తా" అన్న ముక్క చెవిన పడింది.

గుమ్మంలోకి వస్తే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"మీ ఆవిడ పొద్దున్నే వెళ్ళిపోయిందిగా మాస్టారూ! ఎవరో పొడుగాటి మనిషి సామానంతా వ్యానెక్కించాడు. ఈవిడ ముందు సీట్లో కూర్చుని ఒకటే నవ్వు!"

"నవ్విందా?"

"అదేగా నా ఆశ్చర్యం! ఇన్నేళ్ళలో ఆవిడ నవ్వడం నేను చూళ్ళేదు."

మాస్టారు లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఫోన్ తీశారు. భార్య నంబరు చూశారు. మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. కాసేపటికి కోచింగ్ సెంటరు యజమానికి ఫోన్ చేశారు.

"ఇవాళ రాలేనండీ."

"అదేంటి మాస్టారూ! ఏమైంది?"

"మా ఆవిడ..." గొంతు పూడుకుపోయింది. "ఇల్లు బోసిపోయిందండీ. ఇంకేమీ అడక్కండి."

యజమాని అడగలేదు. క్లాసులోకి వెళ్ళి విన్న మాటలు విన్నట్టు చెప్పాడు. విద్యార్థులు మాస్టారి దగ్గర ఊరికే చదువుకోలేదు. పూడుకుపోయిన గొంతు, బోసిపోయిన ఇల్లు. జవాబు క్షణంలో తేల్చేసి పూలు కొనడానికి బయలుదేరారు.

ఈలోగా మాస్టారు భార్య అన్నగారికి ఫోన్ చేశారు. "చెల్లెలు అక్కడికి వచ్చిందా" అని అడగడానికి నోరు రాలేదు. "బావగారూ, మీ చెల్లెలిది తప్పని నేననను. తప్పంతా నాదే" అని పెట్టేశారు.

కొట్టి గెంటేశాడన్నమాట, అనుకున్నాడు బావగారు. చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. వచ్చేసరికి గేటు దగ్గర పిల్లలంతా తలలు వంచుకుని, చేతుల్లో తెల్లపూలతో బారులు తీరి ఉన్నారు. మడిచిన చేతులు అలాగే ఉండిపోయాయి. మెట్ల మీద కూలిపోయాడు.

"చిట్టితల్లీ! చంపేశావు కదయ్యా నా చెల్లెల్ని!"

ఆ కేక విని మాస్టారు గుమ్మంలోకి వచ్చారు, పక్కింటావిడ పోలీసులను పిలిచింది.

వచ్చిన ఇన్స్పెక్టరు పూలను చూశాడు, ఏడుస్తున్న బావగారిని చూశాడు, రాయిలా నిలబడ్డ మాస్టారిని చూశాడు.

"శవం ఎక్కడుంది?"

పిల్లలు బావగారిని చూపించారు, బావగారు మాస్టారిని చూపించాడు.

"పోనీ, ఆవిడకి ఎవరైనా ఫోన్ చేశారా?"

"అడక్కుండానే తేల్చాం సార్, మాస్టారు చెప్పినట్టే" అన్నాడు ముందు వరసలోని విద్యార్థి, కాస్త గర్వంగానే.

ఇన్స్పెక్టరు నంబరు అడిగి నొక్కాడు. ఫోన్ గేటు బయటే మోగింది. అప్పుడే ఆగిన వ్యానులోంచి మాస్టారి భార్య దిగింది. పిల్లల చేతుల్లో తెల్లపూలను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో! ఎవరన్నయ్యా పోయింది?"

"నువ్వే" అన్నాడు అన్న, వెక్కుతూ.

సంగతి విన్నాక ఆవిడ మెట్టు మీద కూర్చుంది. "అల్మారాకి చెద పట్టింది. గోడలోంచి వస్తోందని వారం నుంచీ మొత్తుకుంటున్నాను. బట్టలన్నీ చెదమందు కొట్టే ఈయన వ్యానులోనే లాండ్రీలో పడేసి, ఈయన్ని వెంటబెట్టుకొచ్చాను. రాత్రి ఇదంతా చెప్తే మీరు 'ఊఁ' అన్నారుగా!"

"మరి... నవ్వుతూ వెళ్ళావట?" మాస్టారి గొంతు పీలగా వచ్చింది.

"ఈయన నేను చెప్పింది మొదట్నుంచీ చివరిదాకా విన్నారండీ. నవ్వొచ్చింది."

చెదమందు కొట్టే ఆ పొడుగాటి మనిషి ఇబ్బందిగా వ్యాను వెనక్కి తప్పుకున్నాడు.

"ఒక్క ఫోన్ చేస్తే పోయేదిగా!" ఆవిడ గొంతు పెరిగింది. "నన్ను బతికుండగానే చంపి, మా అన్నయ్యని ఏడిపించి, ఇంటికి పోలీసుల్ని రప్పించారు. ఎందుకు చెయ్యలేదు?"

పిల్లలందరూ మాస్టారి వైపు తిరిగారు. పద్ధతి ప్రకారం ఏదో జవాబు వస్తుందని ఎదురుచూశారు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

"పద్ధతీ లేదు, పాడూ లేదు. ఫోన్ చేస్తే, అవును వెళ్ళిపోయానంటావేమోనని భయమేసింది. నన్నొదిలి వెళ్ళడానికి నీకేం కారణాలున్నాయా అని పొద్దుట్నుంచీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. అన్నీ సబబుగానే ఉన్నాయి. చెద ఒక్కటే తట్టలేదు."